బీమా డేటాకు ఓపెన్ స్టాండర్డ్: అపోహలు - వాస్తవాలు

బీమా చేసిన ఆస్తుల జాబితా ఫైలులో ‘డిడక్టబుల్’ అనే కాలమ్ ఉంది. నష్టం జరిగితే పాలసీదారు సొంతంగా భరించాల్సిన భాగం అది. ఒక బిల్డింగుకు ఎదురుగా 2 అని ఉంది. పంపినవాళ్ళు రెండు శాతం అన్న ఉద్దేశంతోనే రాశారు. అందుకున్నవాళ్ళూ రెండు శాతం అనే చదువుకున్నారు. కానీ దేనిలో రెండు శాతం? ఆ బిల్డింగు బీమా విలువ కోటి, జరిగిన నష్టం పది లక్షలు అనుకుందాం. నష్టంలో రెండు శాతమైతే పాలసీదారు భరించాల్సింది ఇరవై వేలు. బీమా విలువలో రెండు శాతమైతే రెండు లక్షలు. పదిరెట్ల తేడా! ఇద్దరూ నిజాయితీగానే పనిచేశారు, ఫైలు చక్కగా తెరుచుకుంది, సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రరూ చూపించలేదు.

నా పని ఇలాంటి ఫైళ్ళతోనే. బీమా సంస్థలు, బ్రోకర్లు, బీమా సంస్థలకే బీమా ఇచ్చే రీఇన్సూరెన్స్ సంస్థలు, తుఫాను, భూకంపం లాంటివాటి నష్టాన్ని అంచనా వేసే విపత్తు మోడళ్ళు తయారుచేసేవాళ్ళు ఒకరికొకరు పంపుకునే డేటాకు ఓపెన్ స్టాండర్డ్ రాసే వర్కింగ్ గ్రూపుల్లో కూర్చుంటాను. రాసిన తర్వాత దాన్ని వాడమని సంస్థల చుట్టూ తిరుగుతాను. రెండు చోట్లా అవే ప్రశ్నలు, అవే అపోహలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటాయి.

అపోహ: ఓపెన్ స్టాండర్డ్ అంటే మా డేటా అంతా బయటపెట్టాలి

దాదాపు ప్రతి సంస్థలోనూ మొదటి మీటింగులో వచ్చే మాట ఇదే. ‘ఓపెన్’ అనగానే పాలసీదారుల పేర్లు, ఆస్తుల విలువలు, క్లెయిముల చరిత్ర అన్నీ బజారున పడతాయన్న భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇతరుల సమాచారాన్ని కాపాడాల్సినవాళ్ళకి అది ఉండాల్సిందే. కానీ ఇక్కడ అందరికీ తెరిచి ఉండేది డేటా కాదు, డేటాను రాసే పద్ధతి. వ్యాకరణం అందరిదీ. ఆ వ్యాకరణంతో రాసిన ఉత్తరం మాత్రం రాసినవాళ్ళదీ, అందుకున్నవాళ్ళదీ. స్టాండర్డ్ ప్రకారం తయారైన ఫైలుకి తాళం వేసి ఒక్కరికే పంపొచ్చు. అసలు బయటికే పంపకుండా సొంత విభాగాల మధ్య వాడుకోవచ్చు.

ప్రైవసీకి స్టాండర్డ్ మేలే చేస్తుందని నా అనుభవం. ఏ కాలమ్‌లో వ్యక్తిగత వివరాలు ఉంటాయో ముందే తేలిపోతుంది కాబట్టి, పంపేముందు వాటిని తీసేయడం సులువు. స్టాండర్డ్ లేని ఫైళ్ళలో ‘రిమార్క్స్’ కాలమ్‌లో ఫోన్ నంబర్లు, ఒక చోట ఆరోగ్య వివరాలు కూడా చూశాను. అవి అక్కడున్నాయని పంపినవాళ్ళకే తెలియదు.

‘ఓపెన్’ అన్న మాటలోనూ మెట్లున్నాయి. ఎకార్డ్ బీమా ఫారాలకు, డేటాకు స్టాండర్డులు రాసే సంస్థ, 1970లో అమెరికాలో మొదలైంది, లాభాపేక్ష లేనిది. బీమా ఉందని చూపించడానికి అక్కడ వ్యాపారాలు వాడే ‘ఎకార్డ్ 25’ సర్టిఫికెట్ ఫారం వాళ్ళదే. ఈ రంగం మీద దాని ప్రభావం చాలా పెద్దది, కానీ అది సభ్యత్వం మీద నడిచే సంస్థ. విపత్తు మోడళ్ళ రంగంలోని ఓయాసిస్ సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న ‘ఓపెన్ ఎక్స్‌పోజర్ డేటా’, అంటే మేం ఓఈడీ అని పిలిచేది, మరో తరహా. బీమా చేసిన ఆస్తుల వివరాలు రాసే స్టాండర్డ్ అది. దాని స్పెసిఫికేషన్‌ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని చదవొచ్చు, మార్పు కావాలని అడగొచ్చు. నా దృష్టిలో అసలు పరీక్ష మూడు ప్రశ్నలు. డబ్బు కట్టకుండా చదవగలమా? రాయల్టీ లేకుండా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోగలమా? మార్పు అడిగితే ఒప్పుకున్నారో కాదన్నారో, ఎందుకో కారణంతో సహా కనిపిస్తుందా? అందరూ మొదటి రెండే అడుగుతారు. నేను మూడోదానికే ఎక్కువ విలువిస్తాను.

అపోహ: ఇది ఐటీ వాళ్ళు చూసుకునే పని

కాలమ్ పేర్లు ఖరారు చేయడానికి ఐటీ వాళ్ళు చాలు. ఆ కాలమ్‌లో రాసేదానికి అర్థం చెప్పాలంటే రిస్కును అంచనా వేసి బీమా ఇవ్వాలో లేదో తేల్చే అండర్‌రైటర్ కావాలి, క్లెయిమ్స్ చూసేవాళ్ళు కావాలి, ఒక్కోసారి లాయరూ కావాలి. ‘అంతస్తుల సంఖ్య’ అనే ఫీల్డు మీద మా గ్రూపులో రెండు మీటింగులు నడిచాయి. నేల అంతస్తును ఒకటిగా లెక్కపెట్టాలా, సున్నాగానా? సెల్లార్ లెక్కలోకి వస్తుందా? బయటినుంచి చూసేవాళ్ళకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ వరద మోడల్‌కి సెల్లార్ ఉందా లేదా అన్నదే ముఖ్యం, భూకంప మోడల్‌కి మొత్తం ఎత్తు ముఖ్యం. ఇద్దరూ ఒకే అంకెను చదువుతారు.

‘ఘటన’ అన్న ఒక్క మాట ఎంత దూరం తీసుకెళ్తుందో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కేసు చూపించింది. 2001 జూలైలో ఆ భవనాల లీజు చేతులు మారింది. ఒక్కో ఘటనకు దాదాపు 350 కోట్ల డాలర్ల బీమా. సెప్టెంబర్ 11 నాటికి చాలా బీమా సంస్థలు తుది పాలసీ పత్రాలు ఇంకా ఇవ్వలేదు, తాత్కాలిక ఒప్పందాలే ఉన్నాయి. రెండు విమానాలు, రెండు టవర్లు. మరి ఇది ఒక ఘటనా, రెండా? కొన్ని సంస్థలు ‘ఘటన’కు నిర్వచనం ఉన్న ఫారానికి ఒప్పుకున్నాయి, మరికొన్నిటికి అలాంటి నిర్వచనమే లేదు. 2004లో వచ్చిన తీర్పుల్లో మొదటి రకం సంస్థలకు ఇది ఒకటే ఘటన అయ్యింది, రెండో రకంలో తొమ్మిది సంస్థలకు రెండయ్యింది. ఒకే ఉదయం, ఒకే ఆస్తి, లెక్క మాత్రం వేరు.

డేటా స్టాండర్డ్ కోర్టు కేసుల్ని ఆపుతుందని నేను చెప్పను. అది ఒప్పందానికి ప్రత్యామ్నాయం కాదు. ఏ నిర్వచనం ప్రకారం ఈ అంకె రాశారో అంకె పక్కనే రాయాలని మాత్రం అది పట్టుబట్టగలదు. రీఇన్సూరెన్స్ ఒప్పందాల్లో ఒక తుఫాను నష్టాలన్నిటినీ ఒకే ఘటనగా లెక్కించడానికి గంటల పరిమితి పెడతారు. కొన్నిటిలో 72 గంటలు, కొన్నిటిలో 168. ఆ పరిమితికి ప్రత్యేకంగా ఒక ఫీల్డు లేని ఫైలుతో నష్టాల లెక్క వేయడం చీకట్లో తడుముకోవడమే.

మొదట చెప్పిన డిడక్టబుల్‌కి కూడా ఇదే మందు. ఓఈడీలో అంకెతోపాటు దాని రకమూ చెప్పాలి. 0 అంటే నేరుగా డబ్బు మొత్తం, 1 అంటే నష్టంలో శాతం, 2 అంటే బీమా విలువలో శాతం.

అపోహ: ముందు ఫైల్ ఫార్మాట్ ఏదో తేల్చాలి

ఎక్స్‌ఎంఎల్ కావాలా, జేసన్ కావాలా అన్న చర్చ చాలా సమయం తినేస్తుంది. ఎకార్డ్ వారి ఏఎల్3 ఫార్మాట్‌లో ప్రతి ఫీల్డుకూ నిర్ణీత పొడవు ఉంటుంది, పూర్తిగా పాత కాలం పద్ధతి. ఎక్స్‌ఎంఎల్ వచ్చాక కూడా అమెరికాలో బీమా సంస్థలనుంచి ఏజెంట్లకు వెళ్ళే పాలసీ వివరాలు ఏఎల్3లో ప్రయాణిస్తూనే ఉన్నాయి. అర్థం కుదిరితే పాత బండి కూడా నడుస్తుంది.

అపోహ: తెలియనిచోట ఖాళీ వదిలేస్తే నష్టం లేదు

ఖాళీ అంటే ‘లేదు’ అనా, ‘తెలియదు’ అనా, ‘అడగలేదు’ అనా? సున్నా డిడక్టబుల్‌కీ ఖాళీ డిడక్టబుల్‌కీ నేలకీ ఆకాశానికీ ఉన్నంత తేడా. అందుకే ఓఈడీలో ‘తెలియదు’కి కూడా కోడ్ ఉంది. భవనం వాడకం తెలియకపోతే 1000, నిర్మాణ రకం తెలియకపోతే 5000. తెలియదని ఒప్పుకోవడం కూడా సమాచారమే. మోడల్ దాన్ని బట్టి అనిశ్చితిని పెంచి లెక్క వేస్తుంది.

ఖాళీ కంటే ప్రమాదం, ఖాళీని ఊహతో నింపడం. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు మిసిసిపీ తీరంలోని కాసినోలు నీటిమీద తేలే బల్లకట్ల మీద ఉండేవి. బీమా డేటాలో వాటిలో కొన్ని నేలమీద ఉన్న మామూలు భవనాలుగా నమోదై ఉన్నాయి. సముద్రం పొంగినప్పుడు మోడల్ చూపిన నష్టానికీ, నిజంగా జరిగినదానికీ పొంతన ఎలా కుదురుతుంది?

చిరునామాల విషయంలోనూ అంతే. ఊరి పేరు మాత్రమే తెలిసిన ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ ఆ ఊరి మధ్య బిందువును ఇస్తుంది, అదీ దశాంశం తర్వాత ఆరు అంకెలతో. చూసేవాళ్ళకి గేటు దగ్గర నిలబడి కొలిచినట్టు ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలతోపాటు అవి ఎంత నమ్మదగినవో చెప్పే సమాచారం కూడా వెంట వెళ్ళాలని నేను ప్రతి రివ్యూలోనూ మొండిగా అడుగుతాను. 2011లో థాయిలాండ్ వరదల్లో పారిశ్రామిక వాడలు మునిగినప్పుడు, తాము బీమా చేసిన ఫ్యాక్టరీలు సరిగ్గా ఎక్కడున్నాయో, ఒకే చోట ఎన్ని పోగుపడ్డాయో చాలా రీఇన్సూరెన్స్ సంస్థలకు తెలియలేదు.

అపోహ: అందరూ ఒకే స్టాండర్డ్ వాడితే పోటీ పోతుంది

విపత్తు నష్టాల పోగును లెక్కించడానికి మ్యాపు మీద గీసిన ప్రాంతాలు, అంటే క్రెస్టా జోన్లు, 1977 నుంచి ఉన్నాయి. ఒకరితో ఒకరు గట్టిగా పోటీపడే రీఇన్సూరెన్స్ సంస్థలే వాటికి పునాది వేశాయి. జోన్ల హద్దులు అందరికీ ఒకటే, ఆ జోన్‌లో రిస్కు తీసుకోవాలా, ఎంత ధరకు తీసుకోవాలా అన్నది ఎవరి నిర్ణయం వారిది.

పోటీ చట్టాల సంగతి మాత్రం నిజంగా జాగ్రత్తగా చూసుకోవాల్సినది. పోటీదారులు ఒక గదిలో కూర్చుంటున్నారు కాబట్టి ధరల ఊసు, ఎవరికి కవర్ ఇవ్వాలన్న ఊసు రాకూడదు. యూరోపియన్ యూనియన్‌లో బీమా రంగానికి ఉన్న ప్రత్యేక మినహాయింపు 2017 మార్చి 31తో ముగిసింది. మా మీటింగులకు ముందే అజెండా పంపుతాం, మినిట్స్ రాస్తాం, మాట దారి తప్పితే ఆపేస్తాం.

అపోహ: ఇంకో స్టాండర్డ్ అంటే ఇంకో తలనొప్పి

పది ఫార్మాట్లున్నాయనుకోండి. ప్రతిదాన్నుంచి ప్రతిదానికీ మార్చాలంటే 90 కన్వర్టర్లు రాయాలి. మధ్యలో అందరికీ తెలిసిన ఒక స్టాండర్డ్ పెట్టుకుంటే 20 చాలు. ఎవరి సొంత ఫార్మాట్‌నీ వదులుకోనక్కర్లేదు. షరతు ఒక్కటే, ఆ మధ్యనున్నది ఒక వెండర్ చేతిలో ఉండకూడదు.

అపోహ: మంచి స్టాండర్డ్ అయితే దానంతట అదే వ్యాపిస్తుంది

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. ఎన్నో ఏళ్ళ శ్రమ దీని వల్లే వృథా కావడం చూశాను. డేటాను శుభ్రంగా నింపే కష్టం ఒకరిది, దానివల్ల వచ్చే లాభం వేరొకరిది. ఒక చిన్న బ్రోకర్ ఆఫీసులో రెన్యువల్ హడావుడిలో ఉన్న ఉద్యోగి నిర్మాణ రకం, కట్టిన సంవత్సరం, అంతస్తులు టైప్ చేయాలి. ఆ అంకెలు మూడు చేతులు మారి, ఆ ఉద్యోగి పేరు కూడా తెలియని రీఇన్సూరెన్స్ సంస్థకు ఉపయోగపడతాయి. ‘పరిశ్రమ బాగు కోసం’ అని స్లైడ్లు చూపిస్తే ఆ ఉద్యోగి ఎందుకు వినాలి?

అందుకే ప్రచారమంటే నాకు స్లైడ్లు కాదు. టైప్ చేసే చేతికి ఏదో ఒకటి దక్కాలి. మాకు బాగా పనిచేసినది ఉచిత వాలిడేటర్. ఫైలు పంపకముందే ‘47వ వరుసలో కరెన్సీ లేదు, 112లో అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి’ అని మామూలు భాషలో చెప్పేస్తుంది. ఆ తర్వాత అటునుంచి ప్రశ్నల ఈమెయిళ్ళు తగ్గాయి. ఒక బ్రోకర్ టీమ్‌కి నచ్చింది స్టాండర్డ్ కాదు, శుక్రవారం సాయంత్రాలు టెన్షన్ లేకుండా ఇంటికెళ్ళడం. నాకు అదే చాలు, స్టాండర్డ్ వాళ్ళ వాడుకలోకి వచ్చేసింది.

తర్వాతిది నమూనా ఫైళ్ళు. స్పెసిఫికేషన్ డాక్యుమెంట్ చదివి మొదలుపెట్టేవాళ్ళు అరుదు, నమూనా ఫైలు తెరిచి మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. ముద్దుగా సర్దిపెట్టిన నమూనా వల్ల లాభం లేదు. ఒకే స్థలంలో మూడు భవనాలు, రెండు కరెన్సీలు, సగం తెలియని వివరాలు ఉన్న ఫైలు పెట్టాలి, ఎందుకంటే నిజం అలాగే ఉంటుంది.

రెగ్యులేటర్ ఒక మాట అంటే చాలు కదా అంటారు. ఆ బలం నిజమే. యూరప్‌లో బీమా సంస్థల ఆర్థిక బలానికి సంబంధించిన సాల్వెన్సీ 2 నియమాలు 2016లో అమల్లోకి వచ్చాక, ఎక్స్‌బీఆర్‌ఎల్ అనే నివేదికల డేటా ఫార్మాట్‌లో రిపోర్టింగ్ తప్పనిసరి బాటలో నిలబడింది. కానీ రెగ్యులేటర్ అడిగేది తనకు కావాల్సిన నివేదిక. అండర్‌రైటర్ దగ్గరికి రోజూ వచ్చే ఫైలు జోలికి అది రాదు. ఆ ఫైలును మార్చగలిగేది దాన్ని అడిగే హక్కున్నవాళ్ళే. ఒకటి రెండు పెద్ద రీఇన్సూరెన్స్ సంస్థలు ‘కవర్ కోసం పంపే వివరాలు ఈ రూపంలో ఉంటే ముందు చూస్తాం’ అంటే వందమందికి చెప్పే ప్రెజెంటేషన్ కంటే ఎక్కువ పని జరుగుతుంది.

అపోహ: వెర్షన్ 1 విడుదలైతే పని పూర్తయినట్టే

అప్పుడే మొదలవుతుంది. ఒక కోడ్‌ని రద్దు చేస్తే దాన్ని ఎప్పటికీ వేరే అర్థానికి వాడకూడదు. పదేళ్ళ కిందటి క్లెయిమ్ ఫైళ్ళు రేపు ఎవరో తెరుస్తారు, ఆ కోడ్‌ని కొత్త అర్థంతో చదువుతారు. పాత ఫైలుని కొత్త సాఫ్ట్‌వేర్ చదవగలగాలి, ఫైలు ఏ వెర్షన్‌లో ఉందో ఫైలే చెప్పాలి. ఈ చాకిరీకి జీతం ఇచ్చేవాళ్ళు దొరకక మంచి స్టాండర్డులు మూలపడ్డాయి.

కొత్త రకం రిస్కులూ వస్తుంటాయి. ఆస్తి బీమాలో ప్రతి వరుసా ఒక స్థలం. సైబర్ పాలసీలో స్థలం అంటే ఏది? సంస్థ చిరునామానా, సర్వర్లున్న చోటా, వాళ్ళు ఆధారపడిన క్లౌడ్ సంస్థా? ఒకే క్లౌడ్ సర్వీసు ఆగిపోతే వేల పాలసీలు ఒకేసారి కదులుతాయి. అక్కడ జోన్ అంటే మ్యాపు మీద గీసేది కాదు, ఎవరు ఎవరిమీద ఆధారపడ్డారన్న జాబితా. ఆ జాబితాలో ఏయే ఫీల్డులు ఉండాలన్నది తేల్చడానికి సైబర్ క్లెయిములు చేత్తో పరిష్కరించినవాళ్ళు కావాలి. వర్కింగ్ గ్రూపుల్లో అలాంటివాళ్ళు ఇప్పటికి చాలా తక్కువమంది ఉన్నారు.