వెనక యాక్సిల్‌లో గంధకం

సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఒక బొలేరో పూర్తిగా మలుపు తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టిందనుకుందాం. లోపలివైపు చక్రం కంటే బయటివైపు చక్రం ఎంత ఎక్కువ దూరం వెళ్లి ఉంటుంది? మలుపు ఎంత పెద్దదో చెప్పమని అడుగుతారు చాలామంది. అక్కర్లేదు. రెండు చక్రాల మధ్య ఎడాన్ని 3.14తో గుణిస్తే చాలు. ఎడం సుమారు 1.4 మీటర్లు కాబట్టి, బయటి చక్రం 4.4 మీటర్లు అదనంగా దొర్లాలి. టైరు చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. అంటే రెండు చుట్లు తేడా. మలుపు ఇరుకైనా విశాలమైనా ఆ రెండు చుట్లూ తప్పవు.

ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేని దారిన అవి తిరుగుతాయి. ఇంజను తిప్పే చక్రాలకు ఆ స్వేచ్ఛ ఇవ్వడం ఎలా? ఫ్రాన్స్‌కి చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్ 1827లో పేటెంట్ తీసుకున్న డిఫరెన్షియల్ ఇందుకే. ఇందులో ఒక చక్రం వేగం ఎంత తగ్గితే రెండోదాని వేగం అంత పెరుగుతుంది. బలం మాత్రం రెండింటికీ సమానంగానే పంచుతుంది. భీమిలి ఇసుకలో ఒక చక్రం దిగబడి గిర్రున తిరుగుతుంటే, గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలకపోవడానికి ఆ సమానత్వమే కారణం. ఇసుకలో ఉన్నది ఎంత తక్కువ బలం తీసుకుంటే, రెండోదానికీ అంతే దక్కుతుంది.

ఈ పెట్టెలో ఎక్కువ నలిగేవి ఆ పంపకం చేసే చిన్న గేర్లు కావు. ఇంజను బలాన్ని వెనక్కి తెచ్చే షాఫ్ట్ చివరనుండే చిన్న గేరు పీనియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్, ఈ రెండింటి పళ్లూ. 1920ల రెండో సగంలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లు పీనియన్‌ను క్రౌన్ నడిమధ్య నుంచి కాస్త కిందకి దించాయి. షాఫ్ట్ కిందకి దిగింది, దాంతో కారు ఎత్తూ తగ్గింది. హైపాయిడ్ అనే ఈ అమరిక వెనక చక్రాలతో నడిచే బళ్లలో ఇప్పటికీ మామూలే. అయితే చిక్కొకటి వచ్చిపడింది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో ఆగకుండా, పొడుగునా జారుతూ ఒరుసుకుంటాయి. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ కొద్దిపాటి చోట పడే ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. పైకి నున్నగా కనిపించే ఉక్కు మీద కూడా సన్నటి గుట్టలుంటాయి. అవి ఒకదానికొకటి తగిలినచోట క్షణంలో వేడి పుట్టి, లోహం లోహానికి అతుక్కుని చిరుగుతుంది.

గేర్ ఆయిల్ అసలు పని ఇక్కడే మొదలవుతుంది. అందులో గంధకం, భాస్వరం ఉండే రసాయనాలు కలుపుతారు. చల్లగా ఉన్నచోట అవి పెద్దగా ఏమీ చేయవు. పళ్లు రాసుకుని వేడెక్కినచోట మాత్రం ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ లాంటి పలచటి పొర కడతాయి. ఆ పొర ఉక్కు కంటే మెత్తన, తేలిగ్గా జారుతుంది. ఉక్కుకి బదులు అదే అరిగిపోతుంది. అరిగినచోట మళ్లీ కొత్త పొర కడుతుంది. అంటే ఈ ఆయిల్ తనను తాను ఖర్చుపెట్టుకుంటూ పళ్లను కాపాడుతోంది. అందుకే ఈ ఆయిల్ గురించి కొందరు చెప్పే 'జీవితాంతం మార్చక్కర్లేదు' అనే మాట మీద నాకు గురి లేదు. బరువులతో అరకు ఘాట్ ఎక్కి దిగే బండి విషయంలో అసలే లేదు.

ఒకప్పుడు ఈ పనికి గంధకంతో కలిపిన స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చాక, దానికి బదులు కృత్రిమ రసాయనాలు వచ్చాయి. డబ్బా మూత తీయగానే ముక్కుపుటాలు అదిరే ఆ వాసన గంధకానిదే. బట్టలకంటితే రెండు ఉతుకులకూ పోదు, ఇంట్లో తిట్లు ఖాయం.

ఇక ఆ ఆయిల్ మార్చే సంగతి. ముందు మీ బండికి విడిగా డిఫరెన్షియల్ ఉందో లేదో చూసుకోండి. స్విఫ్ట్, ఐ20 లాంటి ముందు చక్రాల బళ్లలో అది గేర్‌బాక్స్‌తో ఒకే పెట్టెలో, ఒకే ఆయిల్‌లో ఉంటుంది. ఈకో, బొలేరో, ఇన్నోవా క్రిస్టా లాంటివాటికే వెనక ఇరుసు మధ్య ఆ గుండ్రటి బుడిపె కనిపిస్తుంది. డబ్బా మీద జీఎల్-5 అని ఉంటే గంధకం పాలు ఎక్కువ, జీఎల్-4 అయితే తక్కువ. 'ఎలాగూ కొన్నాం కదా' అని మిగిలిన జీఎల్-5ని గేర్‌బాక్స్‌లో పోయకండి. కొన్ని గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగులుంటాయి, వాటిని గంధకం తినేస్తుంది. చిక్కదనం చెప్పే 80డబ్ల్యూ-90 గుర్తులో 90 అంకె చూసి కంగారూ వద్దు. గేర్ ఆయిల్ కొలమానం వేరు. అది ఇంజనాయిల్ లెక్కలో 40, 50ల చిక్కదనమే. 80డబ్ల్యూ అంటే మైనస్ 26 డిగ్రీల దాకా పనికొస్తుందని, కాబట్టి లంబసింగి చలికి కూడా ఢోకా లేదు. జారుడు తగ్గించే లిమిటెడ్ స్లిప్ రకం డిఫరెన్షియల్ ఉంటే మాత్రం మాన్యువల్ చెప్పిన ఆయిలే పోయాలి.

కాసేపు తిప్పి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా మొదలుపెట్టండి. బండి చదునుగా నిలవాలి, మన కొండవాలు వీధుల్లో అదే పెద్ద పని. బొలేరో లాంటివాటికి జాకీ లేకుండానే కిందకి దూరొచ్చు. ఎత్తాల్సి వస్తే స్టాండ్లు పెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి వెళ్లొద్దు. ముందు విప్పాల్సింది పై ప్లగ్, అంటే ఆయిల్ పోసేది. ఉప్పుగాలికి అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. కిందది విప్పి ఆయిలంతా కార్చేశాక పైది రాకపోతే, బండిని తోసుకుంటూ ఆటోనగర్ వెళ్లాల్సిందే.

కింది ప్లగ్ చివర చాలా బళ్లలో అయస్కాంతం ఉంటుంది. దాన్ని పట్టుకుని కాసేపు చూడటానికే ఈ పని ఇంట్లో చేసుకోవడం. బూడిద రంగు మడ్డి అంటుకుని, వేళ్ల మధ్య నలిపితే కాటుకలా మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదలే. గరగరలాడే పలుకులో, పంటి ముక్కో వస్తే మాత్రం కొత్త ఆయిల్ పోసి సంతృప్తి పడకుండా మెకానిక్‌కి చూపించండి. ఆయిల్ తెల్లబారి ఉంటే నీళ్లు కలిశాయి. అవి లోపలికి పోయే దారి చిత్రంగా ఉంటుంది. డిఫరెన్షియల్ పెట్టె పైన గాలి వచ్చిపోవడానికి బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. బురదతోనో తుప్పుతోనో అది మూసుకుపోయిందనుకోండి. వానరోజు రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్లలోకి వేడి ఇరుసు దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చేస్తుంది. ఎండలో దూరం వెళ్లినప్పుడు ఇదే తిరగబడుతుంది. లోపలి గాలి వ్యాకోచించి, సీళ్ల దగ్గర ఆయిల్‌ని బయటకి తోస్తుంది. కాబట్టి బ్రీదర్ శుభ్రం చేయకుండా పని అయిందనుకోవద్దు.

కొత్త వాషర్ వేసి కింది ప్లగ్ బిగించాక, సీసాకి ప్లాస్టిక్ గొట్టం తగిలించో, చేతి పంపుతోనో పై రంధ్రంలోంచి ఆయిల్ నింపాలి. చాలా బళ్లలో కొలత ఆ రంధ్రమే. అక్కడిదాకా నిండి సన్నగా కారడం మొదలైతే సరిపోయినట్టు. ఇంకాస్త పోద్దామని బండిని వాల్చి నింపితే క్రౌన్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, వేడి పెరుగుతుంది, చివరికి సీళ్లు దాటి బ్రేకుల్లోకి రావొచ్చు.

పాత ఆయిల్‌ని ఖాళీ అయిన కొత్త డబ్బాల్లోకే వంపి మూత బిగించండి. వీధి చివర గెడ్డలో పోస్తే అది నేరుగా సముద్రానికే. వాడిన ఆయిల్ మన దేశ చట్టం లెక్కలో ప్రమాదకర వ్యర్థం. పెద్ద గ్యారేజీల్లో దానికో డ్రమ్ము ఉంటుంది, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. అడిగితే మీ రెండు లీటర్లూ అందులో పోయనిస్తారు.