నీటి కింద చిన్న స్ట్రోబ్ చాలు, దగ్గరికి వెళ్తే

అండమాన్‌లో డైవింగ్ చేసి వచ్చినవాళ్లు చూపించే ఫోటోల్లో పగడాలు, చేపలు, పక్కనున్న మనిషి, అన్నీ ఒకే నీలిరంగులో ఉంటాయి. అందులో కెమెరా తప్పేం లేదు. నీరు ఎరుపు కాంతిని ముందుగా పీల్చేస్తుంది. అయిదారు మీటర్లు దిగేసరికే ఎరుపు చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, ఇంకా కిందికి వెళ్తే పసుపు. ఎడిటింగ్‌లో సరిచేద్దామంటే కొంతవరకే కుదురుతుంది. అసలు కెమెరాకి అందని రంగును ఎంత పెంచినా ఏం వస్తుంది? అందుకే తెల్లటి వెలుగును మనమే వెంట తీసుకెళ్లాలి.

1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టోర్టుగాస్ దీవుల్లో చేపల శాస్త్రవేత్త విలియం లాంగ్లీ, ఫోటోగ్రాఫర్ చార్లెస్ మార్టిన్ ఈ పనే చేశారు. నీటి మీద తెప్ప వేసి, దానిపై మెగ్నీషియం పొడి మండించి, ఆ మెరుపులో హాగ్‌ఫిష్ అనే చేపను రంగుల్లో ఫోటో తీశారు. ఇప్పుడు తెప్పా అక్కర్లేదు, పేలుడూ అక్కర్లేదు. చేతిలో ఇమిడే స్ట్రోబ్, అంటే నీటి కింద వాడే విడి ఫ్లాష్, ఉంటే సరిపోతుంది.

కొనేటప్పుడు అందరి చూపూ ముందు వెలుగు బలాన్ని చెప్పే గైడ్ నంబర్ మీదే ఉంటుంది. దాన్ని ఎఫ్-నంబరుతో (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) భాగిస్తే, కెమెరా కాంతి గ్రహణ శక్తి ఐఎస్‌ఓ 100 దగ్గర ఉన్నప్పుడు వెలుగు ఎన్ని మీటర్ల వరకు సరిపోతుందో తెలుస్తుంది. ఇనాన్ ఎస్-2000 లాంటి చిన్నవాటికి ఇది 20. కానీ అది గాలిలో లెక్క. నీటిలో సుమారు మూడో వంతే అనుకోవాలి, అంటే దాదాపు 7. ఎఫ్/8 పెడితే మీటరు కూడా రాదు. మరి పెద్దది కొంటే? నాలుగు రెట్లు శక్తి ఉన్న స్ట్రోబ్‌కి గైడ్ నంబర్ రెండు రెట్లే పెరుగుతుంది. పైగా వెలుగు చేపదాకా వెళ్లి మళ్లీ లెన్స్‌దాకా రావాలి, రానూపోనూ నీరు ఎరుపును తింటూనే ఉంటుంది. ఒకటిన్నర మీటరు దాటితే ఎంత ఖరీదైన స్ట్రోబ్ అయినా రంగులు తేవడం కష్టమే. సూర్యుడికి ఎదురుగా వైడ్ యాంగిల్ (విశాల దృశ్యం) తీసేవాళ్లకి పెద్దది కావాలి, కాదనను. కాంపాక్ట్ కెమెరాతో పీతలూ రొయ్యలూ తీసేవాళ్లకి మాత్రం అది మోత బరువే.

శక్తి కంటే స్ట్రోబ్‌ను ఎక్కడ పెడతామన్నదే ముఖ్యం. కెమెరాలో ఉండే ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో తేలే నలకలన్నిటినీ వెలిగిస్తుంది. పొగమంచులో హై బీమ్ వేసినట్టే, ఎదురుగా తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనిపించదు. దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. రుషికొండ దగ్గర నీరు మసకగా ఉన్న రోజున దిగితే ఇది బాగా అర్థమవుతుంది. స్ట్రోబ్‌ను ఆర్మ్ (కెమెరాకి బిగించే కడ్డీ) మీద పక్కకి జరిపి, లెన్స్ కంటే కాస్త వెనక్కి ఉంచి, ముఖాన్ని కొద్దిగా బయటికి తిప్పాలి. వెలుగు అంచు మాత్రమే చేపకి తగిలితే చాలు, మధ్యలో ఉన్న నీరు చీకటిగానే ఉండిపోతుంది. మొదట్లో స్ట్రోబ్‌ను నేరుగా చేప మీదికి తిప్పకుండా ఉండటమే కష్టం, చేయి ఊరుకోదు.

కెమెరాకీ స్ట్రోబ్‌కీ మధ్య ఫైబర్ ఆప్టిక్ కేబుల్ ఉంటుంది. లోపలి ఫ్లాష్ మెరుపును అది మోసుకెళ్తుంది. దానికోసం హౌసింగ్‌లోకి (కెమెరాని నీటినుంచి కాపాడే పెట్టె) విద్యుత్ తీగ వెళ్లక్కర్లేదు కనుక ఆ దారిన నీరు కారుతుందనే టెన్షన్ ఉండదు. అయితే కెమెరాకి సొంత ఫ్లాష్ లేకపోతే స్ట్రోబ్‌కి సంకేతం పంపే ట్రిగర్ విడిగా కొనాలి. గోప్రో లాంటివాటికి స్ట్రోబ్ పనికిరాదు, వీడియో లైటే దిక్కు. కెమెరా అసలు ఫ్లాష్‌కి ముందు ఒక చిన్న ముందస్తు మెరుపు ఇచ్చే రకమైతే స్ట్రోబ్‌లోనూ దానికి తగ్గ మోడ్ పెట్టాలి. లేదంటే స్ట్రోబ్ ముందే మెరిసేసి ఫోటో నల్లగా వస్తుంది. ఇంట్లోనే అద్దం ముందు ఒక ఫోటో తీసి చూసుకుంటే పోతుంది.

బ్యాటరీలు రీచార్జబుల్ నికెల్-మెటల్ హైడ్రైడ్ రకమే మంచివి. మామూలు ఆల్కలైన్ సెల్స్‌తో ఒక ఫ్లాష్‌కీ ఇంకోదానికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది, ఈలోపు చేప వెళ్లిపోతుంది. బ్యాటరీ మూత వేసేముందు ఓ-రింగ్ (నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం) మీద వేలు తిప్పి చూడాలి. ఒక్క వెంట్రుక ఉన్నా ఉప్పునీరు లోపలికి దూరుతుంది. పైకి వచ్చాక మంచినీటిలో నానబెట్టి, తుడిచి, మూత ఉన్న వైపు కిందికి వంచి తెరవాలి. గాడిలో మిగిలిన నీటి చుక్క అప్పుడు బ్యాటరీల గదిలోకి పోకుండా బయటికే జారుతుంది.