మాగ్నెట్ అంటకపోతే మంచి స్టీలేనా? మిశ్రమ లోహాలపై అపోహలు – వాస్తవాలు

నేను లోహాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. కడ్డీలు, రేకులు, పైపులు వస్తుంటాయి. వాటిలో ఏ లోహం ఎంత శాతం ఉందో తేల్చి రిపోర్టు ఇవ్వడం మా పని. బంధువులు, స్నేహితులు మాత్రం ఎప్పుడూ వంటింటి గిన్నెల గురించి, నగల గురించే అడుగుతారు. వాళ్ళ నోట తరచూ వినే కొన్ని నమ్మకాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మిశ్రమ లోహమంటే కల్తీ లోహం.

స్వచ్ఛమైన లోహాలు చాలావరకు మెత్తగా ఉంటాయి. 24 క్యారెట్ల బంగారంతో గాజు చేయిస్తే కొంచెం ఒత్తిడికే వంగిపోతుంది. లోహం లోపల పరమాణువులు వరసలుగా ఉంటాయి. బలం పడితే ఒక వరస మీద మరో వరస జారుతుంది. వేరే సైజు పరమాణువులు మధ్యలో చేరితే అలా జారకుండా అడ్డుపడతాయి, దాంతో లోహం గట్టిపడుతుంది. 22 క్యారెట్ల నగలో 91.6 శాతం బంగారం, మిగతాది వెండి, రాగి లాంటివి. ఆ మిగతా భాగం లేకపోతే నగ నిలవదు. 22 అని చెప్పి 18 క్యారెట్లది అమ్మితే, మోసమంటే అది.

ఉక్కు సంగతీ అంతే, ఇనుములో కాస్త కార్బన్ కలిస్తేనే అది ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళి కత్తులయింది. ఆ రకం ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం. దాని గట్టిదనం చాలావరకు ఆ కాస్త కార్బన్ వల్లే. మన ఊళ్ళలో ఇంత గొప్ప లోహవిద్య ఉండేదని పిల్లలకు చెప్పాలని నాకు చాలా ఉంటుంది.

అపోహ: మాగ్నెట్ అంటుకోకపోతే మంచి స్టీలు, అంటుకుంటే నాసిరకం.

నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. కనీసం 10.5 శాతం ఉంటే గాలి తగలగానే పైన కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ దానంతటదే కట్టుకుంటుంది. అందరూ కోరుకునే 304 గ్రేడులో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం. నికెల్ వల్ల దీన్ని మాగ్నెట్ లాగదు.

అయితే నికెల్ ఖరీదైనది. అందుకే 202 లాంటి గ్రేడుల్లో దాన్ని 4–6 శాతానికి తగ్గించి, బదులుగా మాంగనీసు కలుపుతారు. వీటినీ మాగ్నెట్ లాగదు. అంటే మీ చేతిలోని మాగ్నెట్ 304కూ, అంతకన్నా చవకైన 202కూ తేడా చెప్పలేదు. ఇక 430 గ్రేడులో నికెల్ దాదాపు ఉండదు, క్రోమియం మాత్రం 16–18 శాతం ఉంటుంది. దానికి మాగ్నెట్ గట్టిగా అంటుకుంటుంది. ఇండక్షన్ స్టవ్ మీద పెట్టే గిన్నెల అడుగున తరచూ వేసేది ఈ రకమే. దాన్ని నాసిరకం అనడం అన్యాయం. ఇంకో విషయం, 304 రేకును ప్రెస్సులో లాగి గిన్నెగా మలిచినప్పుడు బాగా వంగిన అంచుల దగ్గర కొద్దిగా మాగ్నెట్ పట్టుకోవచ్చు. ఆ కారణంతో మంచి గిన్నెను పక్కన పెట్టేయకండి. గ్రేడు కచ్చితంగా తెలియాలంటే ల్యాబ్‌లోనే తెలుస్తుంది. షాపులో అయితే గిన్నె మీద గ్రేడు ముద్ర చూడండి, బిల్లులో కూడా రాయించుకోండి.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలుకు ఏమీ కాదు.

ఉప్పు దానికి శత్రువు. చల్లటి నీళ్ళలో ఉప్పు వేసి వదిలేస్తే గింజలు అడుగున కూర్చుని సన్నటి గుంటలు చేస్తాయి. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి కలపండి. ఊరగాయ మాత్రం జాడీలోనే ఉండాలి.

అపోహ: మన పెద్దలు ఇత్తడిలోనే వండుకున్నారు, మనమూ ఏదైనా వండుకోవచ్చు.

ఇత్తడి అంటే రాగి, జింకు. చింతపండు, టమాటా, మజ్జిగ తగిలితే ఈ రెండూ కూరలోకి దిగుతాయి. వాంతులు, కడుపునొప్పి రావచ్చు. పెద్దలు కళాయి వేయించుకుని వండారు, ఆ సంగతి ఇప్పుడు అందరూ మర్చిపోయారు. పాత్రను వేడిచేసి, నవసాగరం చల్లి, తగరాన్ని పల్చగా పూయడమే కళాయి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి కళాయి పాత్రను ఖాళీగా పొయ్యి మీద ఉంచకూడదు. లోపల పసుపు రంగు బయటపడితే మళ్ళీ కళాయి వేయించేదాకా దాంట్లో పులుపు వండొద్దు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: చవకని సీసం కలిపిన తగరం వాడనివ్వకండి. సీసం పిల్లల మెదడుకు చేసే హాని సరిదిద్దలేనిది. సీసం కలిసినా పూత తెల్లగానే కనిపిస్తుంది, చూసి తేడా కనిపెట్టడం కష్టం. తెలిసిన, నమ్మకమైన మనిషి దగ్గరే వేయించండి.

కంచు వేరు. అందులో రాగితో కలిసేది తగరం, సుమారు 22 శాతం. కొడితే ఖంగుమంటుంది, కింద పడితే పగులుతుంది.

అపోహ: జర్మన్ సిల్వర్‌లో కొంతైనా వెండి ఉంటుంది.

ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. పైన వెండి పూత ఉంటే ఉండొచ్చు. పూజ సామానుకు, రిటర్న్ గిఫ్టులకు బాగుంటుంది. వెండి ధర మాత్రం ఇవ్వకండి.

అపోహ: కేడీఎం అంటే ఎక్కువ స్వచ్ఛత.

కేడీఎం అంటే నగ ముక్కలను అతికించడానికి వాడే, కాడ్మియం కలిపిన టంకం. కాడ్మియం కొద్దిగా కలిపితేనే టంకం తక్కువ వేడికి కరిగేది కాబట్టి అతుకు దగ్గర కూడా బంగారం శాతం పెద్దగా తగ్గేది కాదు. అందుకే దానికి పేరు వచ్చింది. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ పొగ పీల్చేది నగ చేసే కంసాలి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కేడీఎం అన్న మాట విని జనం నగ కొంటుంటే నాకు బాధగా ఉంటుంది. దానికి బదులు నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉన్నాయో లేదో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో అమ్మే హాల్‌మార్క్ నగలకు ఈ హెచ్‌యూఐడీ తప్పనిసరి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరాలు షాపులోనే సరిచూసుకోవచ్చు.