విభజన లేని న్యూరాన్‌లో విభజన ప్రొటీన్లకేం పని? అపోహలు - వాస్తవాలు

మెదడు కణాలపై పనిచేసే మమ్మల్ని విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. దీని చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: మెదడులో ఏ కణమూ విభజన చెందదు.
వాస్తవం: విభజన ఆగిపోయేది ముఖ్యంగా న్యూరాన్లలో, అంటే సంకేతాలు పంపే నాడీకణాల్లో. వాటికి తోడుగా ఉండే గ్లియా కణాల్లో కొన్ని రకాలు పెద్దయ్యాక కూడా విభజన చెందుతాయి.

అపోహ: న్యూరాన్‌లో విభజన ప్రొటీన్లు కనిపిస్తే అవి పాత దశలో మిగిలిపోయినవే.
వాస్తవం: కాదు, వాటికి అక్కడ సొంత పనులున్నాయి. సీడీకే5 అనే ఎంజైమునే తీసుకోండి. కణ చక్రాన్ని, అంటే కణం పెరిగి రెండుగా చీలే క్రమాన్ని, నడిపే కైనేజ్‌ల కుటుంబంలోదే అయినా, న్యూరాన్‌లో దీన్ని పనిలోకి దించేవి విభజనలో ఆ పని చేసే సైక్లిన్లు కావు, పీ35, పీ39 అనే ప్రొటీన్లు. సీడీకే5 జన్యువు తీసేసిన ఎలుక పిల్లల కార్టెక్స్‌లో (మెదడు పైభాగంలో) పొరలు తారుమారయ్యాయి. ఆలస్యంగా పుట్టిన న్యూరాన్లు ముందువాటిని దాటుకుని పైకి చేరాలి. ఈ ప్రొటీన్ లేక అవి కిందే ఆగిపోయాయి.

నాకు మరీ ఇష్టమైనవి సెప్టిన్లు అనే ప్రొటీన్లు. 1970ల మొదట్లో జన్యుశాస్త్రవేత్త లీలాండ్ హార్ట్‌వెల్ బృందం ఈస్ట్‌లో విభజన పూర్తిచేయలేని రకాలను వెతుకుతుంటే వీటి జన్యువులు బయటపడ్డాయి. ఈస్ట్‌లో తల్లికణానికీ మొగ్గకీ మధ్య సన్నటి మెడ దగ్గర ఇవి ఉంగరంలా చేరి, కణపు పొరలోని ప్రొటీన్లు అటూ ఇటూ జారకుండా ఆపుతాయి. ఇప్పుడు న్యూరాన్‌లో సెప్టిన్7కి రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. డెండ్రైట్ అనే కొమ్మ పొడవునా, ఒక్కో ముల్లు (స్పైన్) మొదలయ్యే చోట చిన్న చుక్కలు వెలుగుతుంటాయి. ఆ ముళ్లమీదే సినాప్స్‌లు, అంటే న్యూరాన్ల మధ్య సంకేతాలు మారే చోట్లు, ఉంటాయి. ఇక్కడా సెప్టిన్7 చేసేది అదే, మెడ దగ్గర అడ్డుకట్ట వేయడం. కణం మారింది, పని మాత్రం మారలేదు!

క్రోమోజోములను లాగే కైనెటోకోర్ ప్రొటీన్ల కథా ఇలాంటిదే. ఈగల్లో, నులిపురుగుల్లో వాటిని తగ్గిస్తే న్యూరాన్ల ఎదుగుదల దెబ్బతింటుందని 2019లో తేలింది.

అపోహ: న్యూరాన్ మళ్లీ కణ చక్రంలోకి వెళ్తే కొత్త న్యూరాన్ పుడుతుంది.
వాస్తవం: ఈ ఆశ నాకు భయం కలిగిస్తుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో కొన్ని న్యూరాన్లు డీఎన్ఏని కాపీ చేసుకున్నాయని 2001లోనే చూపించారు. అవి రెండుగా చీలవు. చావుకి దగ్గరవుతాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న న్యూరాన్ సీడీహెచ్1 అనే ప్రొటీన్ సాయంతో, విభజనను నడిపే సైక్లిన్ బీ1ని ఎప్పటికప్పుడు నాశనం చేస్తూనే ఉంటుంది. ఆ కాపలా సడలితే సైక్లిన్ పోగై కణం చనిపోతుంది.

అపోహ: పీసీఎన్ఏ (డీఎన్ఏ కాపీకి తోడ్పడే ప్రొటీన్) పాజిటివ్ వస్తే విభజన జరుగుతున్నట్టే.
వాస్తవం: పీసీఎన్ఏ డీఎన్ఏ రిపేర్‌లోనూ పాల్గొంటుంది. కొత్త డీఎన్ఏలో చేరే ఇడీయూ అనే గుర్తు సిగ్నల్ వచ్చినా డీఎన్ఏ తయారైందనే చెప్పగలం, కణం చీలిందని కాదు. న్యూఎన్ వంటి న్యూరాన్ గుర్తుతో కలిపి చూడకుండా, కణం విభజన దశలో ఉందని చూపే ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 పరీక్షించకుండా రిపోర్టులో “విభజన” అని రాయకండి.