విల్ ఒక్కటే సరిపోదు: ఇంగ్లిష్‌లో భవిష్యత్తు గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ గ్రామర్ నేర్పేటప్పుడు నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. తెలుగులో "వస్తాను", "వస్తున్నాను", "వద్దామనుకుంటున్నాను" అని తేడా తెలిసి మాట్లాడేవాళ్లే, ఇంగ్లిష్‌కి వచ్చేసరికి అన్నిటికీ విల్ తగిలిస్తారు. తప్పు వాళ్లది కాదు. మేం రాయించిన పట్టికలది.

అపోహ: విల్ అంటేనే ఫ్యూచర్ టెన్స్.

వాస్తవం: వాక్ అనే క్రియ గతంలోకి వెళ్తే వాక్డ్ అవుతుంది. భవిష్యత్తు కోసం ఇంగ్లిష్ క్రియకు అలాంటి రూపం లేదు. అందుకే ఇంగ్లిష్‌లో ఫ్యూచర్ టెన్సే లేదని చాలామంది భాషావేత్తలు అంటారు. విల్‌కి పాత ఇంగ్లిష్‌లో అర్థం "కోరుకోవడం". విల్ పవర్‌లోనూ, ఆస్తి రాసిచ్చే విల్‌లోనూ ఆ అర్థం ఇంకా కనిపిస్తుంది.

అపోహ: విల్ అన్నా గోయింగ్ టు అన్నా ఒకటే.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఫోన్ మోగింది. "ఉండు, నేను తీస్తా" అన్నారు. ఆ క్షణంలో అనుకున్న పని కాబట్టి ఐ విల్ గెట్ ఇట్. "డ్రైవింగ్ నేర్చుకుందామనుకుంటున్నాను" అంటే ముందే మనసులో ఉన్న మాట. ఐయామ్ గోయింగ్ టు లెర్న్ డ్రైవింగ్. "రేపు పదింటికి డాక్టర్ని కలుస్తున్నాను" అంటే అపాయింట్‌మెంట్ కూడా ఖాయమైంది. ఐయామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో. గమనించారా, తెలుగులోనూ అక్కడ "తున్నాను" రూపమే వచ్చింది!

అంచనాల్లోనూ అంతే. మబ్బులు చూసి "వాన వచ్చేలా ఉంది" అన్నప్పుడు కళ్లెదుట ఆనవాళ్లున్నాయి కాబట్టి ఇట్స్ గోయింగ్ టు రెయిన్. "ఆ పుస్తకం నీకు నచ్చుతుంది" అన్నది నా నమ్మకం, యూ విల్ లైక్ ఇట్. అయితే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్పేటప్పుడు రెండూ చెల్లుతాయి. అలాంటి చోట పిల్లలకు మార్కులు కోయకండి.

అపోహ: జరగబోయేదే కాబట్టి ఇఫ్, వెన్ పక్కన కూడా విల్ రావాలి.

వాస్తవం: "వాన పడితే ఆట ఆగిపోతుంది". ఇందులో "పడితే"కి భవిష్యత్తు గుర్తు ఉందా? లేదు. ఇంగ్లిష్‌లోనూ అంతే: ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్. అంటిల్, యాజ్ సూన్ యాజ్ తర్వాత కూడా ఇదే పద్ధతి. కానీ "ఎప్పుడొస్తాడో తెలియదు" అనే వాక్యంలో ఉన్నది ప్రశ్న, షరతు కాదు. అందుకని ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్ సరైనదే. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటి రూల్ మాత్రమే బట్టీ పట్టిస్తే, కరెక్టుగా రాసినవాళ్లు కూడా కొట్టేసి తప్పు రాస్తారు.

అపోహ: ఐ, వీ పక్కన షల్ తప్పనిసరి.

వాస్తవం: ఈ రూల్‌ని ఇంగ్లండ్ గణితవేత్త జాన్ వాలిస్ 1653లో తన వ్యాకరణంలో రాశారు. ఇప్పుడు మాటల్లో షల్ మిగిలింది ముఖ్యంగా "వెళ్దామా?" అని అడిగే షల్ వీ గో లాంటి చోట్లే.

అపోహ: విల్ కనిపిస్తే అది జరగబోయే సంగతే.

వాస్తవం: "ఈపాటికి ఇంటికి చేరే ఉంటాడు" అంటాం. హీ విల్ హావ్ రీచ్డ్ హోమ్ బై నౌ. చేరడం అయిపోయిందనే మన ఊహ. ఇక్కడ విల్ చేసే పని, తెలుగులో "ఉంటాడు" చేసే పనే.