కారు రేకుకు పట్టిన తుప్పు గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కారు తలుపు కింది అంచున రంగు పొక్కులా లేచిందనీ, గోటితో గీకితే లోపలి నుంచి ఎర్రటి పొడి రాలిందనీ, దాని మీద అదే రంగు కాస్త పూస్తే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. అలా పూసిన రంగు కొన్నాళ్లకే మళ్లీ లేస్తుంది, ఈసారి పొక్కు మొదటిదానికంటే పెద్దదిగా ఉంటుంది. అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఏం చేయాలో సగం మీకే తోస్తుంది కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ గాలిలోని ఆక్సిజనూ రెండూ కావాలి. రేకు మీద ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండానే ప్రయాణించి, ఆక్సిజన్ బాగా అందుతున్న మరో చోట దానితో కలుస్తాయి. రెండు చోట్లనూ కలుపుతూ పైన తడి ఉన్నంత సేపూ ఈ వ్యవహారం సాగుతూనే ఉంటుంది. ఆ తడిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు మరింత సులువుగా పారుతుంది కనుక, సముద్రపు గాలి తగిలే చోట్లా, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లోనూ కార్లు త్వరగా పాడవుతాయి. ఇందులో మీరు ముఖ్యంగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. కరిగిపోయేది గాలి బాగా తగిలే చోటు కాదు, గాలి తక్కువగా అందే చోటు. బురద గడ్డ కింద, రంగు పొర అంచు కింద, రెండు రేకులు ఒకదానిపై ఒకటి మడిచిన సందులో ఇనుము కరుగుతూ ఉంటుంది. అందుకే తుప్పు పైకి కనిపించే మరక దగ్గర ఆగదు, రంగు కింద చాటుగా పాకుతూ పోతుంది.

అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పలుచగా, గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అది గుల్లగా ఉండి తడిని పీల్చి నిలుపుకుంటుంది, పైగా తాను తిన్న ఇనుముకంటే కనీసం రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. మీరు చూసిన పొక్కు అలా లేచినదే. కారు బయటి రేకు మందం సాధారణంగా 0.7 లేదా 0.8 మిల్లీమీటర్లు. దాని మీద ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగు, పైన మెరిసే పారదర్శక పూత అన్నీ కలిపినా సుమారు 100 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఇంత పలుచటి రేకు దగ్గర ఆలస్యం చేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఎమరీ పేపర్ పట్టుకునే ముందు ఆ నీరు ఎటు నుంచి వచ్చిందో కనుక్కోవాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు, తర్వాత రంగును తిట్టుకుంటారు. బానెట్ ముందు అంచున చిన్న రాయి తగిలి రంగు చిట్లిన చోట పట్టిన తుప్పు బయటి నుంచి వచ్చింది, దాన్ని బయటి నుంచే బాగు చేయవచ్చు. తలుపు కింది అంచు సంగతి వేరు. వాన పడినప్పుడు కిటికీ అద్దం మీదుగా జారిన నీరు రబ్బరు పట్టీ పక్క నుంచి తలుపు లోపలికి దిగుతుంది. అది లోపం కాదు, తలుపును తయారుచేసే తీరే అంత. ఆ నీరు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఎండుటాకుల ముక్కలు చేరి అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, కింది మడతను లోపలి నుంచి తినడం మొదలుపెడుతుంది. ఒక మగ్గు నీళ్లు తీసుకుని, అద్దం మొదట్లో బయటి వైపు నెమ్మదిగా పోసి, తలుపు కింద చూడండి. నీళ్లు చప్పున కారితే మంచిదే. ఒక్కొక్క చుక్కగా, ఎర్రటి మడ్డితో వస్తే మీ పొక్కుకు కారణం దొరికినట్టే. ఆ రంధ్రాలను చెక్క పుల్లతో శుభ్రం చేయాలి. ఇనుప తీగ వాడితే అంచున ఉన్న రంగు గీసుకుపోయి కొత్త తుప్పుకు దారి ఇచ్చినట్టవుతుంది. చక్రాల పైన ఉండే మడ్‌గార్డ్ అంచుల లోపలి వైపు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, బ్యాటరీ కింది పళ్లెం, కాళ్ల కింద పరిచే కార్పెట్ అడుగు కూడా ఇలాగే చూడవలసిన చోట్లు.

తర్వాత రేకు బలం చూడాలి. స్క్రూడ్రైవర్ మొనతో తుప్పు చోట ఒత్తండి. రేకు గట్టిగా నిలిస్తే పని మన చేతిలో ఉంది. మొన లోపలికి దిగితే, లేదా పెచ్చులు పెచ్చులుగా ఊడితే, ఆ భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించవలసిందే, అది టింకరింగ్ వచ్చిన మనిషి పని. రంధ్రం మీద లప్పం మెత్తి రంగు వేసి అమ్మేవారు ఉంటారు, దానిని నేను మరమ్మతు అనను. తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి దూలం, సీటు బెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ (చక్రాల కుదుపును ఆపే స్ప్రింగుల అమరిక) అతికే చోటు కారు బరువునూ ప్రమాదంలో తగిలే దెబ్బనూ మోసే భాగాలు. అక్కడ తుప్పు కనిపిస్తే పెద్దవాళ్లకు చెప్పండి. అందం సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి.

పైపై తుప్పే అయితే పని ఇలా సాగుతుంది. సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చుట్టూ మాస్కింగ్ టేపు వేసుకోవాలి. తుప్పు కనిపించినంత మేరకే గీకి ఆపకూడదు. పాకిన తుప్పు రంగు కింద దాగి ఉంటుంది కనుక, మెరిసే శుభ్రమైన రేకు అన్ని వైపులా బయటపడే వరకూ రంగును తీసుకుంటూ పోవాలి. దంతవైద్యుడు పుచ్చును పూర్తిగా తొలిచాక గాని పన్ను పూడ్చడు కదా, ఇదీ అటువంటి పనే. మొదట 80 నంబరు ఎమరీ పేపర్‌తో తుప్పును తీసి, 180తో ఆ గీతలను తగ్గించి, 320తో పాత రంగు అంచును ఏటవాలుగా అరగదీయాలి. ఆ అంచు మీద కళ్లు మూసుకుని వేలి కొస నడిపితే మెట్టు తగలకూడదు. కంటికి కనబడని మెట్టు వేలికి తెలుస్తుంది, పైన మెరిసే పూత పడ్డాక కంటికీ తెలుస్తుంది.

ఇప్పుడు రేకును ఎండలో ఏటవాలుగా చూడండి. తెల్లగా మెరుస్తున్న లోహంలో సూది మొనంత నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గుంటల అడుగున మిగిలిన తుప్పు. తిరిగే వైరు బ్రష్ వాటి పైభాగాన్ని నున్నగా మెరిపించి మనల్ని మోసం చేస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావణం పనికివచ్చేది ఇక్కడే. అది మిగిలిన తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. టానిక్ ఆమ్లం ఉన్న రకమైతే తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. డబ్బా మీద ఏమి రాసి ఉన్నా, మందంగా పెచ్చు కట్టిన తుప్పు మీద వీటిని పూస్తే పైపొర మాత్రమే మారుతుంది, అడుగున పాత కథ నడుస్తూనే ఉంటుంది. గీకడానికి బద్ధకించి వాడే మందు కాదది.

శుభ్రం చేసిన రేకును ఒట్టి చేత్తో తాకకండి. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర ఉన్న చోటే మళ్లీ తుప్పు చుక్క పుట్టవచ్చు. రాత్రంతా వదిలేయడమూ వద్దు. తేమ ఉన్న రోజున కొన్ని గంటల్లోనే పలుచటి నారింజ రంగు ఛాయ వస్తుంది. ముందుగా ఎపాక్సీ ప్రైమరు పూయాలి, అది నీటిని దాదాపు చొరనివ్వదు. లప్పం అవసరమైతే ఎపాక్సీ మీదే పెట్టాలి, ఎందుకంటే లప్పమూ మామూలు ప్రైమరూ తడిని పీల్చుకుంటాయి. రంగును ఒకేసారి దట్టంగా కొట్టక, పలుచటి పొరలుగా, ఒక్కొక్క పొరా ఆరాక వేయాలి. చివరన పారదర్శక పూత తప్పనిసరి. రంగు సంఖ్య కారు మీది చిన్న పట్టీపై ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి ఎండ తిన్న రంగుతో కొత్త రంగు అచ్చంగా కలవదు, దానికి బాధపడకండి.

కొన్ని కార్ల రేకు మీద జింకు పూత ఉంటుంది. జింకు తాను ముందుగా కరిగి ఇనుమును కాపాడుతుంది. ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో ఓడల అడుగున వేసే రాగి తొడుగును కాపాడటానికి జింకునూ ఇనుమునూ వాడి చూపింది ఈ గుణం ఆధారంగానే. అందుకే తుప్పు చుట్టూ శుభ్రమైన రేకు కనబడే మేరకు రంగు తీశాక ఇంకా దూరం అరగదీయడం మంచిది కాదు, చెక్కుచెదరని జింకు పొరను అనవసరంగా పోగొట్టుకుంటాం.

గీకేటప్పుడు కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోండి, రంగు పని ఆరుబయట మంటలకు దూరంగా చేయండి. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెండు డబ్బాల రంగుల జోలికి మాత్రం మీరు పోవద్దు. వాటిలో సాధారణంగా ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఎపాక్సీ ప్రైమరు కలిపి పూయడం కూడా నాన్నగారి చేతికే వదిలేయండి.

రంగు పూర్తిగా ఆరాక మిగిలేది తలుపు లోపలి వైపు. లోపలి తుప్పును పూర్తిగా తీయడం కుదరదు, దాని వేగాన్ని తగ్గించడమే మనం చేయగలిగేది. తలుపు లోపలంతా ఒకటి రెండు రోజులు గాలి తగిలి ఎండిన తర్వాత, బోలు భాగాల కోసం ప్రత్యేకంగా అమ్మే మైనపు ద్రవాన్ని పొడవాటి గొట్టంతో కింది మడత వెంట చల్లించండి. అది సందుల్లోకి పాకి తడిని అడ్డుకుంటుంది. చల్లిన తర్వాత అడుగు రంధ్రాల్లో మైనం పేరుకుంటే, అదే చెక్క పుల్లతో వాటిని మళ్లీ తెరిచి ఉంచండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య