లెబనాన్: 1932 దగ్గర ఆగిపోయిన జనాభా లెక్క

2025 జనవరి 9న లెబనాన్ పార్లమెంటు సైన్యాధిపతి జోసెఫ్ ఔన్‌ను దేశాధ్యక్షుడిగా ఎన్నుకుంది. అప్పటికి రెండేళ్లకు పైగా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. 2014 మే నుంచి 2016 అక్టోబరు దాకా కూడా ఇదే పరిస్థితి. 10,452 చదరపు కిలోమీటర్ల చిన్న దేశానికి ఒక అధ్యక్షుడు దొరకడం ఎందుకింత కష్టమవుతోంది? ‘అక్కడ మతాలకు పడదు, అంతే’ అని చాలామంది తేల్చేస్తారు. అది సగం మాటే. మతాలకు పడకపోవడం కంటే, వాటికి తగవు రాకూడదని రాసుకున్న వాటాల లెక్కే ఆ దేశాన్ని ఎక్కువగా పట్టి పీడిస్తోంది.

ఈ కథ లెబనాన్ కొండల్లో మొదలైంది. అక్కడ మారోనైట్ క్రైస్తవులు, డ్రూజ్‌లు (ఇస్లాం నుంచి చీలి వేరైన మత శాఖవాళ్లు) ఒట్టోమన్ తుర్కుల పాలన కింద పక్కపక్క ఊళ్లలో బతికేవారు. 1840ల మొదట్లో గొడవలు ముదిరాయి. అప్పుడు బీరూట్ నుంచి డమాస్కస్ వెళ్లే రోడ్డునే సరిహద్దు చేసుకుని కొండ ప్రాంతాన్ని రెండుగా చీల్చారు. ఉత్తరాన క్రైస్తవ అధికారి, దక్షిణాన డ్రూజ్ అధికారి. కానీ రోడ్డుకు రెండు పక్కలా రెండు మతాలవాళ్లూ ఉన్నారు, కాబట్టి గొడవ ఆగలేదు.

1858లో కొండకు ఉత్తరాన కెస్‌ర్వాన్ ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి: తిరగబడ్డ రైతులూ మారోనైట్లే, వాళ్లు తరిమేసిన భూస్వాములూ మారోనైట్లే. అది భూమి కోసం, గౌరవం కోసం వచ్చిన తగాదా. అదే అలజడి దక్షిణానికి, డ్రూజ్ భూస్వాముల కింద క్రైస్తవ రైతులున్న చోటికి పాకేసరికి మత యుద్ధమైపోయింది. 1860లో వేలమంది క్రైస్తవులు ప్రాణాలు కోల్పోయారు. ఫ్రెంచి సేనలు దిగాయి. ఆ తర్వాత వచ్చిన ఏర్పాటులో 12 మంది సభ్యుల పరిపాలనా మండలి పెట్టి, మతాలవారీగా సీట్లు పంచారు. వాటాల రాజకీయానికి పునాది అక్కడే పడింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పెత్తనం ఫ్రాన్స్ చేతికి వచ్చింది. 1920 సెప్టెంబరు 1న జనరల్ గూరో ‘విశాల లెబనాన్’ను ప్రకటించాడు. ట్రిపోలీ, సైదా, టైర్, బెకా లోయ కొండకు వచ్చి చేరాయి. దాంతో లక్షలమంది ముస్లింలు, ఎవరూ తమను అడగకుండానే, కొత్త దేశపు పౌరులయ్యారు.

1932లో జనాభా లెక్కలు తీశారు. క్రైస్తవులు సగానికి కాస్త పైన తేలారు. విడివిడిగా చూస్తే మారోనైట్లు మొదటి స్థానం, సున్నీలు రెండు, షియాలు మూడు. 1943లో స్వాతంత్ర్యం వచ్చే వేళ మారోనైట్ నాయకుడు బిషారా అల్ ఖూరీ, సున్నీ నాయకుడు రియాద్ అల్ సొల్హ్ ఒక మాట అనుకున్నారు. కాగితం మీద పెట్టకుండా కుదిరిన ఆ మాటనే ‘జాతీయ ఒప్పందం’ అంటారు. దాని ప్రకారం అధ్యక్షుడు మారోనైట్, ప్రధాని సున్నీ. స్పీకర్ పదవి షియాకు ఇవ్వడం కూడా ఆనవాయితీగా స్థిరపడింది. పార్లమెంటులో ప్రతి ఆరుగురు క్రైస్తవులకు ఐదుగురు ముస్లింలు.

1932 తర్వాత ఆ దేశంలో అధికారికంగా జనాభా లెక్కలు తీయలేదు. ఇప్పటిదాకా లేదు. లెక్క తీస్తే వాటాలు మారాలి, వాటాలు మారితే ఎవరో ఒకరి కుర్చీ కదులుతుంది. తేనెతుట్టెను కదపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఈలోగా షియాల సంఖ్య పెరుగుతూ వచ్చింది, దక్షిణాన వాళ్ల పేదరికం మాత్రం తగ్గలేదు. 1974లో ఇమాం మూసా అల్ సద్ర్ ‘వంచితుల ఉద్యమం’ మొదలుపెట్టింది వీళ్ల కోసమే. మరోపక్క 1970 తర్వాత జోర్డాన్ నుంచి వెళ్లగొట్టిన పాలస్తీనా సాయుధులు లెబనాన్‌ను స్థావరం చేసుకున్నారు. టెన్షన్ పెరుగుతూ పోయి, 1975 ఏప్రిల్ 13న ఐన్ అల్ రుమ్మానే పేటలో పాలస్తీనీయులున్న బస్సుపై కాల్పులతో బద్దలైంది.

ఆ యుద్ధం 15 ఏళ్లు సాగింది. సుమారు లక్షన్నర మంది పోయారని అంచనా. అప్పటి గుర్తింపు కార్డుల్లో మతం రాసి ఉండేది. తనిఖీ చోట కారు ఆపి, కార్డు తీసి చూసి, ఆ ఒక్క గడిలో ఉన్న మాటను బట్టి మనిషిని కిందికి దింపి చంపారు. 1975 డిసెంబరు 6న బీరూట్‌లో జరిగింది అదే. బతికుంటే చాలని జనం కార్డులు దాచుకుని తిరిగిన రోజులవి. సిరియా, ఇజ్రాయెల్ సేనలు కూడా దిగాయి. నగరాన్ని తూర్పు, పడమరలుగా చీల్చిన ‘గ్రీన్ లైన్’ డమాస్కస్ వీధి మీదుగానే సాగింది. 1840ల్లో కొండను చీల్చిన రోడ్డే అది! మనుషులు తిరగక మొక్కలు మొలిచి ఆ గీత నిజంగానే పచ్చబడింది. దాని పక్కనే సొదెకో కూడలిలో ఒక పసుపు రాతి భవనం ఉంది. స్నైపర్లు తుపాకులు పెట్టుకున్న కన్నాలు ఇప్పటికీ దాని గోడల్లో కనిపిస్తాయి.

1989లో సౌదీలోని తాయిఫ్‌లో రాజీ కుదిరింది. పార్లమెంటులో క్రైస్తవులకు, ముస్లింలకు సగం సగం వాటా అన్నారు. అధ్యక్షుడి అధికారాలు కొన్ని మంత్రివర్గానికి పోయాయి. సాయుధ దళాలన్నీ ఆయుధాలు దించాలన్నారు, షియాల సాయుధ సంస్థ హెజ్‌బొల్లా మాత్రం ఇజ్రాయెల్ ఆక్రమణను చూపించి దించలేదు. మతాల వాటాలను దశలవారీగా ఎత్తేయడానికి జాతీయ కమిటీ వేస్తామని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ కమిటీని వేయనే లేదు. పైగా 1991లో క్షమాభిక్ష చట్టం తెచ్చారు. నిన్నటి దళనాయకులు మంత్రులయ్యారు, ఎవరి జనానికి ఉద్యోగాలూ కాంట్రాక్టులూ వాళ్లే పంచిపెట్టారు. ఆచూకీ తెలియని వేలమంది కుటుంబాలకు దక్కింది మాత్రం ఎదురుచూపే. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

2019 అక్టోబరులో అన్ని మతాల యువత వీధుల్లోకి వచ్చి, పాలకులు ‘అందరూ అంటే అందరూ’ దిగిపోవాలని అరిచింది. పది నెలలు తిరక్కుండానే, 2020 ఆగస్టు 4న, బీరూట్ ఓడరేవులో పేలుడు 200 మందికి పైగా బలి తీసుకుంది.

ఈనాటికీ 18 మత శాఖలకు గుర్తింపు ఉంది. పెళ్లి, విడాకులు, వారసత్వం ఎవరి మత న్యాయస్థానం వాళ్లదే. మతం లేకుండా పెళ్లి చేసుకోవాలంటే జంటలు సైప్రస్ వెళ్లొస్తారు. యుద్ధం తర్వాత వచ్చిన కార్డుల్లో మతం గడి తీసేశారు గానీ, కుటుంబ రిజిస్టరులో అది అలాగే ఉంది. 2009 నుంచి కావాలంటే దాన్ని కొట్టేయించుకోవచ్చు. అలా కొట్టేయించుకున్న ఒక జంట దేశంలోనే చేసుకున్న పౌర వివాహాన్ని 2013లో ప్రభుత్వం నమోదు చేసింది.